సెల్ఫ్ నొక్కితే టక్కుమని ఆగే బండి: ఇంటికాడ వైరింగ్ పని డైరీ

బండి, దాని బాధలు

బాపు బండి. 150 సీసీ, 2012 మోడల్, సెల్ఫ్ స్టార్ట్, 12 వోల్టుల 9 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఎంత కరెంటు నిల్వ పట్టుతదో చెప్పే లెక్క) సీల్డ్ బ్యాటరీ. హన్మకొండ నుంచి పరకాల రోడ్డు పట్టుకొని చేను కాడికి పోవుడు, మాపటికి ఇంటికి వచ్చుడు, దీని పని ఇంతే. ఇంజనుకు ఏ రోగం లేదు. కిక్కు కొడితే ఒక్క దెబ్బకే అందుకుంటది. బాధంతా కరెంటుతోనే.

పొద్దున సెల్ఫ్ నొక్కితే టక్ అని ఒక చప్పుడు, అంతే. మోటర్ తిరగదు. ఒక్కోరోజు మళ్లీ మళ్లీ నొక్కితే తిరుగుతది. రాత్రిపూట ఇండికేటర్ వేస్తే దాంతో పాటు హెడ్‌లైటు కూడా తగ్గుతది, పెరుగుతది. హారన్ గీర్‌మంటది తప్ప మోగదు. నాలుగు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ దిగిపోతది. హ్యాండిల్ పూర్తిగ కుడి దిక్కు తిప్పితే అప్పుడప్పుడు ఇంజనే ఆగిపోతది.

బ్యాటరీ పోయిన దసరాకే కొత్తది వేయించినం. దానికి ముందుదీ ఎక్కువ రోజులు రాలే. ఇప్పుడు మళ్లీ "బ్యాటరీ పోయింది, మార్చాలె" అన్న మాటే వచ్చింది. బాపు పైసలు తీసి టేబుల్ మీద పెట్టిండు. నేను ఆపిన. కొత్త బ్యాటరీలు వరుసగ పోతున్నయంటే వాటిని చంపేది ఇంకేదో ఉన్నట్టే కదా. ఈసారి కొలవకుండ ఒక్క సామాను కూడా మార్చేది లేదు.

నా దగ్గర ఉన్నవి: ఒక డిజిటల్ మల్టీమీటర్, 8, 10, 12 నంబర్ పానాలు, స్టార్ స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, హీట్ ష్రింక్ స్లీవులు, గరుకు కాగితం, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, పాత ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు అతికించి చేసుకున్న టెస్ట్ ల్యాంపు. ఇంతకంటే ఎక్కువ ఈ పనికి అక్కర్లేదు.

ఆదివారం పొద్దున

ముందుగాల బ్యాటరీ సంగతి తేల్చుకోవాలె. రాత్రంతా బండి కదలకుండ ఉన్నంక, తాళం పెట్టకముందే, బ్యాటరీ ప్లస్సు మైనస్సుల మీద మీటర్ పెట్టిన. 12.1.

లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఆరు సెల్లులుంటయి, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. నిండుగ ఉంటే మొత్తం 12.6 నుంచి 12.8 దాకా చూపియ్యాలె. 12.2 అంటే దాదాపు సగం. 12 కిందికి దిగి అట్లనే రోజుల తరబడి పడి ఉంటే లోపలి ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతది, ఆ బ్యాటరీ మళ్లీ పూర్తిగ కోలుకోదు. మనది ఇంకా ఆ కాడికి పోలే. దిగిన బ్యాటరీ వేరు, పాడైన బ్యాటరీ వేరు. ఈ తేడా చూడకుండనే ఎన్నో మంచి బ్యాటరీలు పాత సామాను లెక్కల పోతున్నయి.

విప్పి ఇంట్లో చార్జర్‌కు పెట్టిన. 9 ఏహెచ్ బ్యాటరీకి అందులో పదో వంతు, అంటే 0.9 ఆంపియర్ దాటనియ్యకూడదు. విప్పేటప్పుడు మైనస్ ముందు, ప్లస్ తర్వాత. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖరున. కారణం ఉన్నది: మైనస్ ఊడదీసి ఉంటే, ప్లస్ బోల్టు మీది పానా పొరపాటున చాసిస్‌కు తాకినా ఏమీ కాదు. మైనస్ బిగించి ఉంటే మాత్రం నిప్పురవ్వలు లేస్తయి, పానా అక్కడికక్కడే అతుక్కుంటది.

మధ్యాహ్నం దాటినంక చార్జర్ తీసి, గంటసేపు ఊకెనే పెట్టి చూస్తే 12.7. బండికి బిగించి, ఇంజను స్టార్ట్ చేయకుండ హెడ్‌లైటు వేసిన. 35 వాట్ల బల్బు, అంటే సుమారు 3 ఆంపియర్లు. అయిదు నిమిషాలు వెలిగించినా 12.4 కాడ నిలబడ్డది. ఇది మంచి బ్యాటరీ. దీన్ని మార్చే అవసరం లేదు.

ఆదివారం సాయంత్రం

నిండు బ్యాటరీతోని సెల్ఫ్ నొక్కితే మళ్లీ టక్.

పక్కింటి కాకా గోడ మీంచి చూసి, "మోటర్ల కార్బన్ బ్రష్షులు అరిగినట్టున్నయి రా, విప్పు" అన్నడు. ఆ మాట తీసిపారేసేది కాదు, బ్రష్షులు అరిగినా ఇట్లనే అయితది. కానీ మోటర్ విప్పుడు పెద్ద పని. దానికంటే ముందు మీటర్ చెప్పేది వినాలె.

బాపును పిలిచి సెల్ఫ్ బటన్ దగ్గర నిలబెట్టిన.

"నేను ఊ అన్నప్పుడు నొక్కు బాపూ. రెండు సెకన్లకే ఇడ్చిపెట్టు."

"తిరగని మోటర్‌కు నొక్కితే ఏం తెలుస్తది రా?"

తిరగనప్పుడే తెలుస్తది. మీటర్ బ్యాటరీ మీద పెట్టి ఊ అన్న. టక్. మీటర్ 12.7 నుంచి 12.2కు వచ్చి ఆగింది. అంతే.

నాకు దారి దొరికింది ఇక్కడే. బ్యాటరీ బలహీనంగ ఉండి మోటర్ తిరగకపోతే, బటన్ నొక్కంగనే వోల్టేజీ 8కో 7కో పడిపోవాలె. సెల్ఫ్ మోటర్ ఒక్కసారిగ పదుల ఆంపియర్లు లాగుతది, మంచి బ్యాటరీ కూడా ఆ బరువుకు 10, 10.5 దాకా వంగుతది. ఇక్కడ బ్యాటరీ వంగలేదు, అంటే దాని నుంచి కరెంటు పోతనే లేదు. దారిలో ఎక్కడో అడ్డం పడ్డది. ఎక్కడ అన్నదే ప్రశ్న.

మామూలుగ అందరూ చేసేది కంటిన్యుటీ, అంటే వైరు తెగిందా లేదా చూసుడు. మీటర్ బీప్ అంటే వైరు మంచిగున్నట్టు. లావు వైర్ల విషయంలో ఈ బీప్‌ను నమ్మొద్దు. లోపల వంద పోగులుండి తొంబై తెగిపోయినా, మిగిలిన పది పోగులతోని మీటర్ బీప్ అంటది. మీటర్ పంపేది మిల్లీ ఆంపియర్లు, మోటర్ అడిగేది పదుల ఆంపియర్లు. నల్లా పైపులో చెత్త ఇరుక్కున్నా చుక్క చుక్క కారుతనే ఉంటది, బకెట్ మాత్రం నిండదు, అట్లన్నమాట. అందుకే కరెంటు పారుతున్నప్పుడే కొలవాలె. దీన్నే వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ అంటరు. వైరు రెండు కొసల మీద మీటర్ రెండు ప్రోబులు (దాని వైర్ల సూది మొనలు) పెట్టి, బటన్ నొక్కి, ఆ వైరు తన కోసం ఎన్ని వోల్టులు తింటుందో చూసుడు. మంచి వైరు తినేది దాదాపు సున్న.

మొదలు ప్లస్ దిక్కు. ఒక ప్రోబు బ్యాటరీ ప్లస్ బోల్టు మీద, ఇంకోటి సెల్ఫ్ మోటర్ మీది బోల్టు మీద. నడుమల రిలే (చిన్న కరెంటుతోని పెద్ద కరెంటును కలిపే స్విచ్చు), రెండు కేబుళ్లు అన్నీ వచ్చినయి. బాపు నొక్కిండు. 0.2. మంచిగనే ఉంది, రిలే మీద అనుమానం పోయింది.

తర్వాత మోటర్. దాని బోల్టు మీద ఒకటి, మోటర్ బాడీ మీద ఒకటి. 1.1. పన్నెండు వోల్టులు అందాల్సిన మోటర్‌కు ఒక్కటే అందుతుంది. బ్రష్షుల తప్పు అయితే ఇక్కడ నిండు వోల్టేజీ కనపడాలె, మోటర్ తిరగకూడదు. పాపం మోటర్‌కు అసలు తిండే లేదు.

ఇక మిగిలింది మైనస్ దిక్కు. ఒక ప్రోబు ఇంజను బాడీ మీద, ఇంకోటి బ్యాటరీ మైనస్ బోల్టు మీద. బ్యాటరీ మైనస్‌ను బండి బాడీకి కలిపే ఎర్త్ కేబుల్ కదా, ఇక్కడ 0.2 దాటకూడదు. బాపు నొక్కిండు.

10.9.

0.2, 1.1, 10.9 కూడితే 12.2. బ్యాటరీ మీద కనపడ్డదీ 12.2. ఎక్కడా ఒక్క పాయింటు తప్పిపోలేదు. బడిలో చదివిన కిర్కాఫ్ సూత్రం (దారిలో పడ్డ వోల్టులన్నీ కూడితే బ్యాటరీ వోల్టేజీ రావాలె) ఇంటి ముందట, చెప్పులు లేకుండ కూసున్న నాకు లెక్క అప్పజెప్పింది. చాలా సంతోషమైంది. బాపుకు కాగితం మీద రాసి చూపెట్టిన. ఆయనకు పత్తి తూకం లెక్కలు నోటికే వస్తయి. చూసి, "అంటే పదకొండు వోల్టులు మైనస్ వైరే మింగుతుందన్నట్టు" అన్నడు. అచ్చం అదే.

ఇంకోటి కూడా గమనించిన. హార్నెస్ (బండి వైర్ల కట్ట) లోంచి చాసిస్‌కు పోయే సన్న ఎర్త్ వైరు వెచ్చగ ఉంది. పెద్ద దారి మూసుకపోతే సెల్ఫ్ కరెంటు చిన్న దారి వెతుక్కుంటది. ఆ సన్న వైరు దానికి తయారు చేసింది కాదు. ఇట్లనే నొక్కుకుంట పోతే అది కాలి, పక్క వైర్లను కూడా కాల్చేది. సెల్ఫ్ తిరగకపోతే మళ్లీ మళ్లీ నొక్కే అలవాటు మానుకోవాలని ఇంట్లో అందరికీ చెప్పిన.

సోమవారం రాత్రి

ఎర్త్ కేబుల్ ఇంజను వెనక, చాసిస్‌తోని కలిసే ఒక బోల్టు కింద ఉంది. మడ్డి, ఆయిల్ కలిసి గట్టిపడి బోల్టు తల కూడా కనపడుతలేదు. గోకి, డీజిల్‌తో కడిగి, 10 నంబర్ పానాతో విప్పిన.

కేబుల్ కొసకు ఉండే లోహపు రింగు, అదే లగ్గు, బయటికి వచ్చింది. పైకి బూడిద రంగు, కింద ఆకుపచ్చ చిలుము. లగ్గుకూ చాసిస్‌కూ నడుమ ఒక పొర తుప్పు, దాని కింద పెయింటు. లగ్గు మెడ కాడ కేబుల్‌ను కొద్దిగ వంచంగనే రాగి పోగులు పొడిపొడిగ రాలినయి. రబ్బరు తొడుగు కత్తితో చీరుకుంట పోతే చాలా దూరం దాకా పోగులు నల్లగ ఉన్నయి. రాగి ఎర్రగ మెరవాలె, నలుపు ఉందంటే నీళ్లు లోపలికి పాకినయన్నట్టు. సన్న పోగుల నడుమ సందుల నుంచి నీళ్లు తొడుగు కిందికి ఎక్కుతయి, మళ్లీ బయటికి రావు.

ఈ నీళ్లు ఎక్కడివో నాకు తెలుసు. 2023 జులై 27 వరద. అప్పుడు మేము నయీంనగర్‌లో కిరాయికి ఉంటిమి. ఆ వానలకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడ్డది. ఇక్కడ హన్మకొండలో నాలా పొంగి గల్లీలన్నీ మునిగినయి. ఇంటి ముందున్న బండి సైడ్ ప్యానెళ్ల దాకా నీళ్లలో ఉన్నది. నీళ్లు తీసినంక అందరం చేసింది ఒకటే: ఇంజన్ ఆయిల్ మార్చినం, కార్బురేటర్ కడిగించినం, ఎయిర్ ఫిల్టర్ మార్చినం, బండి స్టార్ట్ అయింది, ఇక అయిపోయిందనుకున్నం. కప్లర్లు (వైర్లను ఒకదానికొకటి కలిపే ప్లాస్టిక్ జాయింట్లు) విప్పి ఆరబెట్టాలన్న మాట ఎవరి నోటా రాలే. మునిగిన బండి స్టార్ట్ అయినంత మాత్రాన బాగైనట్టు కాదు. నీళ్లు తాకిన రాగి నెలలు, ఏండ్లు పట్టి మెల్లగ తినబడుతది. ఆ రోజుల్లో మునిగిన బండ్లు వరంగల్, హన్మకొండలో ఇంకా తిరుగుతనే ఉన్నయి. వాటి ఓనర్లు ఎవరన్నా ఇది చదువుతుంటే, ఒక్క ఆదివారం పెట్టుకొని మైనస్ కేబుల్ రెండు కొసలు విప్పి చూడుండ్రి.

లగ్గు మార్చి ఊరుకుంటే కాదు, కేబులే పోయింది. హన్మకొండ చౌరస్తా దిక్కు ఆటో ఎలక్ట్రికల్ దుకాణంలో అదే మందం రాగి కేబుల్ కొని, లగ్గులు అక్కడే క్రింపింగ్ మిషన్‌తోని నొక్కిపిచ్చిన. నా 25 వాట్ల ఐరన్ ఇంత లావు కేబుల్‌కు చాలదు, పైపైన లెడ్డు పోస్తే లోపల అతకదు. ప్లేయర్‌తోని నలిపిన లగ్గు కూడా ఎక్కువ రోజులు ఆగదు.

చాసిస్ మీద బోల్టు కూసునే చోట గరుకు కాగితంతో తెల్ల లోహం కనపడేదాకా రుద్దిన. పళ్ల వాషర్ వేసి బిగించి, ఆ తర్వాత పైన పెట్రోలియం జెల్లీ పూసిన. జెల్లీ బిగించినంకనే పూయాలె.

మళ్లీ అదే టెస్టు. బాపు నొక్కిండు, మోటర్ గిర్రున తిరిగింది, ఇంజను అందుకుంది. ఇంజను బాడీకీ బ్యాటరీ మైనస్‌కూ నడుమ ఇప్పుడు 0.15. తిరిగేటప్పుడు బ్యాటరీ 10.4కు వంగింది. నిన్న 12.2 కాడ గట్టిగ నిలబడ్డదానికంటే ఇయ్యాల 10.4కు వంగుడే ఆరోగ్యం.

బుధవారం రాత్రి

సెల్ఫ్ బాగైంది కానీ పని అయిపోలే. సగం దిగి ఉన్న బ్యాటరీ సంగతి అట్లనే ఉన్నది. బండి రోజూ నడుస్తది కదా, మరి నిండాలె కదా.

ఇంజను స్టార్ట్ చేసి, ఆర్‌పీఎం ముల్లు 4000 కాడ పట్టి, బ్యాటరీ మీద కొలిచిన. 13.0. హెడ్‌లైటు వేస్తే 12.4. ఈ బండికి 14 చుట్టుపక్కల ఉండాలె. 12.4 అంటే దీపం వేసుకొని నడిపినంత సేపు బ్యాటరీ నుంచి తీసుడే తప్ప పెట్టుడు లేదు. బాపు చీకటి పడ్డంక ఇంటికి వస్తడు. ఆ లెక్కన కొత్త బ్యాటరీలు ఎందుకు పోయినయో అర్థమయింది.

చార్జింగ్‌లో ఉన్నవి రెండే: ఇంజను లోపల మ్యాగ్నెట్ చుట్టూ ఉండే కాయిల్ ప్లేటు, బయట ఆ ఏసీని డీసీ చేసి 14.5 దాటకుండ ఆపే ఆర్ఆర్ (రెగ్యులేటర్ రెక్టిఫైయర్) యూనిట్. దుకాణంలో అడిగితే రెండూ మార్చమంటరు. కాయిల్ మార్చాలంటే ఇంజన్ ఆయిల్ తీసి, ఎడమ కవర్ విప్పి, గ్యాస్కెట్ కూడా కొత్తది వేయాలె. కాబట్టి ముందు కొలుచుడే.

ఈ బండిది త్రీ ఫేజ్ కాయిల్, మూడు పసుపు వైర్లు వస్తయి. కప్లర్ ఊడదీసి, ఇంజను ఆపి ఓమ్స్ చూసిన. ఏ రెండు వైర్ల నడుమ పెట్టినా ఒకటే విలువ, ప్రోబుల సొంత నిరోధం తీసేస్తే అర ఓమ్‌కు కాస్త పైన. ఏ వైరుకూ ఇంజను బాడీకీ కనెక్షన్ లేదు. అది ఉంటే కాయిల్ కాలిపోయి బాడీకి తాకినట్టు. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, మీటర్ ఏసీకి తిప్పి, 4000 కాడ జత జతగ కొలిచిన. 52, 51, 52. మూడూ సమానం. కాయిల్ బంగారం లెక్క ఉంది.

ఆర్ఆర్ యూనిట్‌ను మీటర్ డయోడ్ రేంజిలో (కరెంటు ఒక్క దిక్కే పోతుందా అని చూసేది) పెట్టి చూసిన. పసుపు వైర్ల నుంచి ప్లస్‌కు ఒక దిక్కు 0.5 చుట్టూ, తిరగేస్తే ఏమీ లేదు. మైనస్ దిక్కు కూడా అట్లనే. ఇదీ మంచిదే.

రెండూ మంచివే అయితే తప్పు వాటి నడుమ ఉన్నట్టు. నడుమ ఉన్నది నేను చేతిలో పట్టుకున్న కప్లరే. టార్చి వేసి దగ్గరగ చూస్తే, మూడు పిన్నుల్లో ఒకదాని చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, ఒక మూల కరిగి కారి గట్టిపడ్డది. ఆ పిన్ను నీలంగ మాడి, లోపల వదులుగ ఆడుతుంది. వాసన కూడా కాలిన వాసనే.

ఇది ఒక్కరోజులో జరిగేది కాదు. పిన్ను కొంచెం వదులైతది లేకుంటే చిలుము పడుతది. అక్కడ నిరోధం పెరిగి వేడి పుడుతది. వేడికి పిన్ను పట్టు ఇంకా వదులైతది. వదులైతే ఇంకా వేడి. ఆఖరుకు ఆ ఫేజు మొత్తం పోతది. మూడింట్లో ఒక వైరు పోతే మిగిలిన రెండు వైర్ల నడుమ ఒక్క జతే పనిచేస్తది, మనకు వచ్చే కరెంటు బాగా పడిపోతది. మనం చూసిన 13.0 అదే.

కరిగిన కప్లర్‌ను కోసి పారేసి, కొత్త కప్లర్, కొత్త పిన్నులు వేసిన. ఇక్కడ నా ఐరన్ పనికొచ్చింది. పిన్నును వైరు మీద గట్టిగ నొక్కి, ఆ తర్వాత ఒక చుక్క లెడ్డు. లెడ్డు ఎక్కువ పోస్తే వైరులోకి పాకి అది కట్టె లెక్క అయితది, బండి ఊగుడుకు ఆ కొస కాడనే విరుగుతది. స్లీవ్ వేసి, అగ్గిపుల్ల మంట దూరం నుంచి చూపిస్తే ముడుచుకున్నది.

4000 కాడ హెడ్‌లైటు లేకుండ 14.2, వేస్తే 13.9.

మా చిన్నమ్మ కొడుకు వచ్చి ఇదంతా చూసి, "అన్నా, నా బండికి హెడ్‌లైటు స్విచ్చే లేదు కదా, నాదేంది?" అన్నడు. వాడిది 2018 మోడల్. 2017 ఏప్రిల్ 1 నుంచి టూవీలర్లకు ఇంజను నడిచినంత సేపు హెడ్‌లైటు వెలిగే ఉండాలన్న రూల్ వచ్చింది. కంపెనీలు ఆ బరువుకు తగ్గట్టే చార్జింగ్ పెడుతయి. కానీ అట్లాంటి బండిలో ఒక ఫేజు పోతే పగలు దీపం ఆర్పి బ్యాటరీని కాపాడుకునే వీలు ఉండదు, తొందరగ బయటపడుతది. వాని బండి కప్లర్ కూడా విప్పి చూసినం. మంచిగుంది.

ఒక జాగ్రత్త: చార్జింగ్ ఉందో లేదో చూడ్డానికి ఇంజను నడుస్తుండంగ బ్యాటరీ వైరు పీకి చూసే పద్ధతి ఇంకా ఉన్నది. బ్యాటరీ లేకపోతే వోల్టేజీ ఎగిరి ఆర్ఆర్, సీడీఐ (ప్లగ్గుకు నిప్పురవ్వ ఇచ్చే యూనిట్), బల్బులు కాలిపోతయి. ఇంత చవకగ మీటర్ దొరుకుతున్న రోజుల్లో ఆ పని ఎవ్వరూ చేయొద్దు.

శుక్రవారం

బండి ఊకెనే ఉన్నా దిగిపోయే సంగతి. తాళం ఆఫ్ చేసి చెవి బయటికి తీసి, మైనస్ కేబుల్ ఊడదీసి, ఆ కేబుల్‌కూ బ్యాటరీకీ నడుమ మీటర్‌ను ఆంపియర్ల మీద పెట్టిన. ముందు 10 ఆంపియర్ల సాకెట్‌లో, అక్కడ చిన్న అంకె అని తేలినంకనే మిల్లీ ఆంపియర్లకు. మీటర్ ఇట్ల ఉండంగ తాళం తిప్పొద్దు, సెల్ఫ్ ముట్టొద్దు, మీటర్ లోపలి ఫ్యూజు ఎగిరిపోతది.

38 మిల్లీ ఆంపియర్లు. చూడ్డానికి చిన్నదే. 24 గంటలకు లెక్కేస్తే 0.9 ఏహెచ్. నిండు 9 ఏహెచ్ బ్యాటరీ పది రోజుల్లో ఖాళీ. మనది సగమే నిండి ఉండేది కాబట్టి నాలుగైదు రోజులకే సెల్ఫ్‌కు చాలకుండ అయ్యేది.

మెయిన్ ఫ్యూజు పీకి చూసిన. అంకె మారలే. అంటే కరెంటు తాగేది ఫ్యూజు దాటినంక లేదు, ముందే ఉంది. బ్యాటరీ ప్లస్ బోల్టు కింద ఇంకో సన్న ఎర్ర వైరు కనపడ్డది. పట్టుకొని పోతే హ్యాండిల్ మీది మొబైల్ చార్జర్. ఎవరో వేసినప్పుడు ఫ్యూజు లేకుండ సీదా బ్యాటరీకే తగిలించిండ్రు. ఫోన్ పెట్టకపోయినా లోపలి సర్క్యూట్ రాత్రింబవళ్లు తాగుతనే ఉంటది. దానికంటే భయం ఇంకోటి: ఆ వైరు ట్యాంకు కింద నుంచి పోతుంది. ఎక్కడన్నా తొడుగు అరిగి చాసిస్‌కు తాకితే ఆపడానికి ఫ్యూజు లేదు, పైన పెట్రోలు.

ఆ వైరు మొత్తం తీసేసి, తాళం ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే లైన్ నుంచి, 3 ఆంపియర్ల ఫ్యూజుతోని ఇచ్చిన. ఇప్పుడు తాళం ఆఫ్ చేసినంక 1 మిల్లీ ఆంపియర్ లోపే.

శనివారం

హ్యాండిల్ తిప్పితే ఆగుడు. తాళం స్విచ్చు నుంచి దిగే వైర్ల గుత్తి మెడ కాడ ట్యాగుతోని బిర్రుగ కట్టి ఉంది. ఇంజను నడుస్తుండంగ ఆ గుత్తిని ఒక్కో చోట వేళ్లతో కదిలించుకుంట పోతే ఒక చోట ఇంజను ఆగింది. తొడుగు మంచిగనే ఉంది, లోపల వైరు తెగి కొసలు ఒకదానికొకటి తాకుకుంట ఉన్నయి. కొత్త ముక్క వేసి అతికి, స్లీవ్ తొడిగి, హ్యాండిల్ రెండు దిక్కులా పూర్తిగ తిరిగినా లాగకుండ వదులు పెట్టి కట్టిన.

ఈ పని అంతా విని మా గల్లీ మెకానిక్ అన్న ఒక మాట అన్నడు. "నిజమే తమ్మీ, కొలిస్తేనే తెలుస్తది. కానీ గంట సేపు మీటర్ పెట్టుకుంట కూసుంటే ఆ గంటకు పైసలు ఎవరిస్తరు? సామాను మారిస్తేనే గిరాకీ పైసలిస్తడు." అది ఒప్పుకోవాల్సిన మాటే. కొలిచిన పనికి మనం కూలి ఇయ్యం. లోపల ఏం మార్చిండో చూపెడితేనే ఇస్తం. ఇంటికాడ ఒక ఆదివారం మనం పెట్టుకోగలిగితే అది మన చేతిలో ఉన్న లాభం. పెట్టుకోలేకపోతే మంచి మెకానిక్‌కు "కొలిచి చెప్పు అన్నా, దానికే పైసలిస్త" అని ముందే చెప్పుడు మంచిది.

ఆదివారం

హారన్ ఇప్పుడు మునుపటికంటే గట్టిగ ఉంది, వెనక స్క్రూను కొద్దిగ తిప్పంగనే పూర్తిగ సరైంది. ఇండికేటర్‌తో పాటు హెడ్‌లైటు ఊగుడు రేసు ఇస్తే పోయింది. ఐడిల్‌లో కొద్దిగ ఉంది. ఐడిల్‌లో కాయిల్ ఇచ్చేదే తక్కువ, ఆ మాత్రం ఉంటది.

కానీ హెడ్‌లైటు వెలుగు నాకు నచ్చలే. 4000 కాడ బ్యాటరీ మీద 13.9 ఉంటే బల్బు హోల్డర్‌లో 12.1 వస్తుంది. 1.8 వోల్టులు దారిలో పోతున్నయి. ఫిలమెంట్ బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా పడిపోతది. పరకాల రోడ్డు మీద రాత్రి దీపాల్లేని ట్రాక్టర్ ట్రాలీలు ఉంటయి, బర్లు అడ్డం వస్తయి. ఆ 30 శాతం చిన్న సంగతి కాదు.

మళ్లీ అదే డ్రాప్ టెస్ట్. ఎర్త్ దిక్కు 0.3. తాళం స్విచ్చు ఒక్కటే 0.9. మిగిలిన 0.6 డిప్పర్ స్విచ్చు (హై, లో బీమ్ మార్చేది), కప్లర్లు కలిపి. తాళం స్విచ్చు కింది మూత విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నల్లబడ్డ రాగి బిళ్లలను రబ్బరుతో రుద్ది పెట్టిన. 0.9 కాస్తా 0.4 అయింది, బల్బు దగ్గర 12.6.

మిగిలింది రిలేతోనే పోతది. ఇప్పుడు హెడ్‌లైటు కరెంటంతా తాళం నుంచి, పాత డిప్పర్ స్విచ్చు నుంచి తిరిగి వస్తుంది. రిలే పెడితే ఆ స్విచ్చులు రిలే కాయిల్‌ను నడిపితే చాలు, బల్బు కరెంటు బ్యాటరీ నుంచి సీదా ఫ్యూజు దాటి పోతది. 4 పిన్నుల రిలేలో 30 నంబర్ పిన్నుకు బ్యాటరీ ప్లస్, 87 నంబర్ నుంచి బల్బుకు, 85, 86 నంబర్లు కాయిల్‌వి. హై బీమ్‌కు ఒకటి, లో బీమ్‌కు ఒకటి కావాలె. 35 వాట్ల బల్బును తీసి ఎక్కువ వాట్లది వేసే ఆలోచన లేదు. ఉన్న బల్బుకు నిండు వోల్టేజీ ఇస్తే చాలు. రిలేలు, సాకెట్లు, 10 ఆంపియర్ల ఫ్యూజు హోల్డర్ తెచ్చి పెట్టిన. హెడ్‌లైటు డూమ్ లోపల చోటు చూసుకొని వచ్చే వారం బిగించాలె. ఎడమ వెనక ఇండికేటర్ హోల్డర్‌లో కూడా చిలుము కనపడ్డది, అదీ అప్పుడే.